మా మండువా ఇల్లు, అమ్మ వంటిల్లు, అరవై ఏళ్ల వైరు

పోయిన ఫాల్గుణంలో మా అక్క కూతురు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. వాళ్లు ఇల్లు కొనుక్కుంటున్నారు. 1920ల్లో కట్టిన ఇల్లట. గోడలు బాగున్నాయి, పెరడు బాగుంది, ధరా కుదిరింది. తీరా చూస్తే ఇన్సూరెన్సు వాళ్లు కాదన్నారు. అటక మీదున్న పాత కరెంటు వైర్లు మొత్తం పీకించి కొత్తవి వేయిస్తేనే పాలసీ ఇస్తామన్నారు. అక్కడ పాలసీ లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు, అప్పు లేకపోతే ఇల్లు లేదు. ఆ వైర్ల ఫోటో నాకు పంపించి, "పిన్నీ, ఇవి అమ్మమ్మ వంటింట్లో ఉన్నట్టే ఉన్నాయి కదా?" అంది.

నిజంగానే అలాగే ఉన్నాయి. తెల్లటి పింగాణీ గుండీలు, వాటి మీదుగా విడివిడిగా లాగిన రెండు నల్ల తీగలు. అమెరికాలో ఆ పద్ధతి 1880ల నుంచి 1930లు, నలభైల దాకా నడిచిందట. మన దగ్గర దాని తమ్ముడిలాంటి క్లీట్ వైరింగు అంతకంటే చాలా కాలం బతికింది. అంబాజీపేట దగ్గర మా పుట్టింట్లో, మా అమ్మ రోజూ రెండు పూటలా వంట చేసుకునే గదిలో, ఈ ఏడాది దాకా బతికే ఉంది.

అక్కడ వద్దు పొమ్మన్న వైరు కింద ఇక్కడ మా అమ్మ పచ్చడి రుబ్బుకుంటోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఇంటికి కరెంటు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మన కోస్తా పల్లెలకు ఈ వెలుగు ఎక్కువగా కొండల మీంచి దిగింది. మద్రాసు రాష్ట్రంలో నీటి కరెంటు అంటే ముందు నీలగిరుల్లో పైకారా, 1932 నాటి మాట. మనవైపు పెద్ద ఊళ్లలో ఉన్న కొద్దిపాటి కరెంటు పల్లెల దాకా రాలేదు. ఒడిశా సరిహద్దులో డుడుమా జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలయ్యాక కథ మారింది. ఆంధ్ర, ఒరిస్సా కలిసి కట్టుకున్నది అది. 1959కల్లా ఆరు యూనిట్లు, 114.75 మెగావాట్లు. ఆ ఏడాదే ఏప్రిల్ 1న మన రాష్ట్రానికి విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఇప్పుడు ఒక పెద్ద అపార్టుమెంట్ల పేటకే ఎన్నో మెగావాట్లు కావాలి. అప్పట్లో అదే మహాభాగ్యం.

మా ఊరికి స్తంభాలు వచ్చింది 1961లో అని నాన్న చెప్పేవారు. తాతయ్య వెంటనే దరఖాస్తు పెట్టారట. మండువా లోగిలి, బంగాళా పెంకు, టేకు దూలాలు. ఆ ఇంటికి ఎనిమిది లైట్లు, ఒక ఫ్యాను. వీధి అరుగు మీద ఒకటి, వసారాలో రెండు, సావిట్లో రెండు, పడకగదులకు చెరొకటి. ఎనిమిదోది వంటింటికి. ఆ ఎనిమిదోది కూడా మా నాయనమ్మ అలిగి సాధించుకున్నదట. "కట్టెల పొయ్యి వెలుగు చాలదా" అన్నారట తాతయ్య. ఫ్యాను మాత్రం సావిట్లో పడకకుర్చీ నెత్తిన.

ఇంకో తేడా కూడా ఉంది. వీధివైపు గదులకు టేకు చెక్క కేసింగు వేయించారు. అంటే రెండు గాళ్లు తొలిచిన పొడుగాటి చెక్కపట్టీ. ఒక గాడిలో ఫేజు, ఒక గాడిలో న్యూట్రలు, పైన చెక్కమూత, ఇత్తడి మరలు. పాలిష్ పెట్టి గోడకి నగలా కొట్టారు. డబ్బు అక్కడితో అయిపోయిందో ఏమో, వెనక వంటింటికీ నూతిగట్టుకీ ఉత్త పింగాణీ క్లీట్ల మీద తీగ లాగేశారు. ఎవరు చూస్తారులే అని కాబోలు.

రోజూ చూసేవాళ్లు ఆడవాళ్లే. వాళ్లనెవరూ అడగలేదు.

ఆ తీగల సంగతి నాకు ఈమధ్యే తెలిసింది. లోపల రాగి, దానిమీద గంధకం కలిపి ఉడికించిన రబ్బరు, ఆ పైన తారు పట్టించిన నూలు అల్లిక. రబ్బరు కొత్తలో సాగుతుంది. పాతికా ముప్పై ఏళ్లకి ఎండిపోయి గట్టిపడి, ముట్టుకుంటే అరటాకు ఎండి పొడైనట్టు రాలిపోతుంది. గోడ మీద కదలకుండా ఉన్నంత కాలం బాగున్నట్టే కనిపిస్తుంది. బల్బు మార్చడానికి హోల్డరు తిప్పినప్పుడు, ఉడత పరిగెత్తినప్పుడు, పెంకు జారి చినుకు పడినప్పుడు దాని అసలు వయసు బయటపడుతుంది. చెక్క కేసింగు చూడ్డానికి అందమే గానీ తడి పీల్చుకుంటుంది, చెద పడుతుంది, మండుతుంది కూడా. మన కోనసీమ గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు, అప్పడాలు గంటలో మెత్తబడతాయి.

తర్వాతి కాలంలో వచ్చినవి చెక్క రీపుల మీద తగరపు క్లిప్పులు కొట్టిన వైర్లు, ఆ తర్వాత పీవీసీ. అదీ ఇదీ మధ్యలో అల్యూమినియం వచ్చింది. 1960ల్లో దేశానికి విదేశీ మారకం లేక, రాగి దిగుమతి కష్టమై, ఇళ్లలోకి అల్యూమినియం తీగ దిగింది. 1970ల్లో కట్టిన మేడలు చాలావాటిలో ఇప్పటికీ అదే ఉంది. ఈ ఏడుపు మనదొక్కళ్లదే కాదు. అమెరికాలోనూ 1965 నుంచి ఏడెనిమిదేళ్లు ఇళ్లకు అల్యూమినియమే వేశారు. 1972కి ముందు అలా వైరింగు చేసిన ఇళ్లలో వైరు కలిసేచోట్లు నిప్పు పుట్టేంత వేడెక్కే అవకాశం రాగి ఉన్న ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ లెక్క తేల్చింది. అల్యూమినియం మెత్తన. మర కింద నలుగుతుంది, వేడికి ఉబ్బి చల్లారితే ముడుచుకుంటుంది, పట్టు వదులవుతుంది, వదులైనచోట నిప్పురవ్వ. స్విచ్చు బోర్డు గోధుమరంగుకి తిరిగితే, చేపల వాసనలాంటి కమురు వాసన వస్తే అక్కడే చూడమన్నాడు మా కరెంటు పనాయన. మా నాన్న 1974లో మేడమీద గది వేయించినప్పుడు వేసింది అల్యూమినియమే. ఆ గదిలోనే మా బాలింత మంచాలు రెండూ వేశారు.

ఇక సామాన్ల సంగతి. ఎనిమిది బల్బులు, ఒక ఫ్యాను కలిపి తాతయ్య కాలంలో ఇల్లు మొత్తం వాడింది ఆరువందల వాట్లు దాటి ఉండదు. ఇప్పుడు ఒక్క గీజరే రెండు వేల వాట్లు. ఇండక్షన్ స్టవ్వు ఇంకో రెండు వేలు. మా ఇంట్లో రేడియో సావిట్లోకి వచ్చింది, టీవీ వసారాలోకి వచ్చింది, ఆ రెండూ పెద్ద తిండిబోతులు కావు. ఎక్కువ కరెంటు తాగేవన్నీ వంటింట్లోకీ స్నానాల గదిలోకీ వచ్చాయి: మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, నీళ్లలో ముంచే హీటరు రాడ్డు, నూతి మోటారు, వాషింగ్ మెషీను. అవన్నీ ఆ ఎనిమిదో బల్బు తీగకే వేలాడాయి. హోల్డరులోంచి ప్లగ్గు, ప్లగ్గులోంచి ఎక్స్‌టెన్షను, దాంట్లోంచి ఇంకోటి. రెండు పుల్లల ప్లగ్గు, మూడో పుల్ల అనేది లేదు, ఎర్తు అసలే లేదు. పైగా కింద ఎర్రమట్టి నేల, తడిచేతులు, తడిచీర.

మిక్సీ ముట్టుకుంటే జిల్లుమంటుందని అమ్మ చెక్కపీట మీద నుంచుని తిప్పేది. అది మా ఇంటి ఆచారమనే అనుకుంటూ పెరిగాను నేను. పెళ్లయ్యాక రాజమండ్రిలో అత్తగారింట్లో పీట కోసం వెతుక్కుంటే మా అత్తగారు వింతగా చూశారు.

ఒకసారి మాత్రం జిల్లుతో పోలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా కోనసీమను ఊడ్చేసింది కదా. పెంకులు లేచిపోయి ఇల్లంతా నీళ్లు. స్తంభాలన్నీ పడిపోయి మా ఊరికి కరెంటు రావడానికి వారాలు పట్టింది. వచ్చిన రోజు మేం చేసుకున్న సంబరం అంతా ఇంతా కాదు. తడిసి ఆరిన ఆ చెక్క కేసింగుల్లో తీగలు ఎలా ఉన్నాయో చూడాలని ఎవరికీ తోచలేదు. కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకునే రోజులు అవి. ఫ్యూజు మాటిమాటికీ ఎగిరిపోతుంటే పాలేరు ఒక లావుపాటి తీగ తెచ్చి కటౌట్లో చుట్టేశాడు. ఇక ఎగరలేదు, అందరం హమ్మయ్య అనుకున్నాం. ఎగరకపోవడం ఎంత ప్రమాదమో అప్పుడెవరికి తెలుసు? ఫ్యూజులో సన్నతీగ కరగడం మానేస్తే, కరగాల్సిన పని గోడలో తీగ మీద పడుతుంది.

ఆ సంక్రాంతికి నూతిగట్టు దగ్గర బల్బు వెలగలేదు. కరెంటు లేదనుకుని అమ్మ తడిచేత్తో హోల్డరు పట్టుకుంది. విసిరికొట్టింది. మోచేయి విరిగింది, ప్రాణం దక్కింది. ఎందుకలా అయిందో నాకు మొన్న మెయిన్ బోర్డు విప్పినప్పుడు అర్థమైంది. పాత బోర్డుల్లో ఫేజుకొక పింగాణీ ఫ్యూజు, న్యూట్రలుకొక ఫ్యూజు ఉండేవి. న్యూట్రలు ఫ్యూజు పోతే బల్బు ఆరిపోతుంది గానీ తీగలో కరెంటు అలాగే ఉంటుంది. చీకటిగా ఉంది కదా అని ముట్టుకుంటాం. న్యూట్రలుకి విడిగా ఫ్యూజు పెట్టకూడదని 1956 విద్యుత్ నిబంధనల్లోనే ఉంది. మా బోర్డు 1961ది. నిబంధన మా ఊరి దాకా నడిచి రావడానికి పంటు దొరకలేదనుకుంటాను.

ఆ నిబంధనల్లో 46వది ఇంకా విచిత్రమైనది. ఒకసారి కరెంటు ఇచ్చిన ప్రతి ఇంటి వైరింగునూ అయిదేళ్లకు మించకుండా మళ్లీ మళ్లీ తనిఖీ చేసి పరీక్షించాలని ఉంది. లెక్కవేసుకుంటే మా ఇంటికి పన్నెండుసార్లు ఎవరో ఒకరు రావాలి. నాకు ఊహ తెలిశాక ఒక్కసారీ ఎవరూ రాలేదు. మీటరు చూడ్డానికి నెలనెలా వస్తారు, అది వేరు. మీ ఇళ్లకి ఎవరైనా వచ్చారేమో మీరు చెప్పాలి. 2010లో ఆ పాత నిబంధనల చోట కొత్త భద్రతా నిబంధనలు వచ్చాయి.

న్యూజెర్సీ ఫోను తర్వాత నేను ముందు చేసింది ఇన్సూరెన్సు కాగితాల కోసం వెతకడం. అమ్మ బీరువాలో జీవిత బీమా బాండ్లు కట్ట కట్టి ఉన్నాయి. నాన్నవి, బాబాయివి, మెచ్యూరై పోయినవి కూడా. తాతయ్యకైతే మచిలీపట్నం ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ ఉండేదట, పట్టాభి సీతారామయ్యగారు 1925లో పెట్టిన కంపెనీ. 1956లో జీవిత బీమా జాతీయమైంది, 1972 చట్టంతో మిగతా బీమా కూడా నాలుగు ప్రభుత్వ కంపెనీల కిందికి వచ్చింది. ఇన్ని మలుపుల్లోనూ మా ఇంటి మగవాళ్ల ప్రాణాలకు పాలసీలు ఉన్నాయి. ఇంటికి లేదు. ఇల్లు ఎక్కడికి పోతుందిలే అనే ధీమా. ఆడవాళ్ల ప్రాణాలకూ లేవు, ఆ కట్టలో అమ్మ పేరు ఒక్క బాండు మీదా లేదు.

రాజమండ్రిలో నాకు తెలిసిన ఏజెంటుగారిని అడిగాను. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకోసం భారత్ గృహ రక్ష అని ఒకే తరహా పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ ఇవ్వాలని నియంత్రణ సంస్థ చెప్పిందన్నారు. ఇల్లు అమ్మితే ఎంతొస్తుందన్నది కాదు, మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందన్నదే లెక్క. స్థలం ధర కలవదు. ఇంటి మొత్తంలో 20 శాతం, పది లక్షలు మించకుండా, లోపలి సామానుకి దానంతటదే వర్తిస్తుంది. బంగారం, వెండి కావాలంటే విడిగా చెప్పి రాయించుకోవాలి. ఇదంతా బాగానే ఉంది. "వైర్లు ఎప్పటివని అడగరాండీ?" అన్నాను. ఇల్లెప్పుడు కట్టారు, గోడలు దేనివి, కప్పు దేనిది అని అడుగుతారుగానీ వైర్ల మాట ఆ కాగితంలో ఆయనకి కనపడలేదు.

హమ్మయ్య అనుకోబోయాను. ఆయనే పాలసీలో ఒక వాక్యం వేలుపెట్టి చూపించారు. షార్ట్ సర్క్యూట్ వల్ల, ఎక్కువ కరెంటు పారడం వల్ల, తనంతట తాను వేడెక్కడం వల్ల, కరెంటు కారడం వల్ల ఏ విద్యుత్ పరికరం గానీ బిగింపు గానీ పాడైతే దానికి డబ్బు రాదు. దాంట్లోంచి మంట లేచి వేరేవి కాలితే ఆ వేరేవాటికి వస్తుంది. అంటే ఫ్రిజ్జు మోటారు మాడితే రాదు, ఆ నిప్పుకి పక్కనున్న అల్మారా కాలితే వస్తుంది. పాత అగ్ని బీమా పాలసీల్లోనూ ఇదే మాట ఉంది. వాటిలో ఇంకోటి కూడా ఉంది: కంపెనీకి చెప్పకుండా ఇల్లు ముప్పై రోజులకు మించి ఖాళీగా ఉంటే రక్షణ ఆగిపోతుంది. మన కోనసీమలో తాళాలు వేసి హైదరాబాదుకీ అమెరికాకీ వెళ్లిపోయిన మండువా ఇళ్లు ఎన్నో. ఎవరైనా పాలసీ తీసుకుని ఉంటే ఈ ఖాళీ సంగతి తమ కాగితంలో ఎలా రాసిందో ఒకసారి చూసుకోండి.

అడగకపోవడం మనకు మేలని నాకు అనిపించడం లేదు. అక్కడ మా అక్క కూతుర్ని అడిగి, ఏడిపించి, డబ్బు ఖర్చు పెట్టించి, వైర్లు మార్పించారు. ఇక్కడ అడక్కుండానే పాలసీ ఇస్తారు. మోచేయి విరిగినా, ఇంకేదైనా జరిగినా అది ఇంటి పాలసీలో లేదు.

అన్నయ్యకి ఫోను చేస్తే, "అమ్మ తర్వాత ఆ ఇల్లు ఏం చేస్తామో తెలీదు, ఇప్పుడు లక్షలు పోయడం ఎందుకు" అన్నాడు. వాడి మాటలో లెక్క ఉంది, కాదనను. అమ్మదేమో వేరే గొడవ. సున్నపు గోడలు, మావగారు గచ్చు నూరించి కట్టించినవి, గాళ్లు కొట్టడానికి వీల్లేదంది. "అరవై ఏళ్లు ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుందే?" అంది మోచేయి సవరించుకుంటూ.

చివరికి గోడ కొట్టకుండా పైపైన పీవీసీ పట్టీలు బిగించేలా ఒప్పందం కుదిరింది. కరెంటు పనాయన ముందు మెగ్గరు పెట్టి చూశాడు. వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో చెప్పే మీటరు అది, కనీసం ఒక మెగోమ్ చూపించాలి. వీధివైపు గదుల్లో ముల్లు ఏదో ప్రాణం ఉన్నట్టు కదిలింది. వంటింటి లైనులో సున్నా మీద కూర్చుంది. "పిన్నిగారూ, ఇదింక తీగ కాదండీ, దారవండీ," అన్నాడు. క్లీటు విప్పితే రబ్బరు పొడి అతని అరచేతిలో రాలింది. అమ్మ దగ్గరికొచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లి అతనికి మజ్జిగ తెచ్చింది.

డబ్బు అన్నిటికీ చాలదు కాబట్టి వరస నేనే చెప్పాను: ముందు వంటిల్లు, స్నానాల గది, తర్వాత మేడమీది అల్యూమినియం, సావిడి చివర. తాతయ్య వరసకి తలకిందులు. వంటింటికి మెయిన్ నుంచి విడిగా లావు రాగి తీగ, మూడు పుల్లల ప్లగ్గులు, పెరట్లో ఎర్తు గొయ్యి. మన డెల్టాలో నీరు పైనే ఉంటుంది కాబట్టి ఎర్తు బాగా పడుతుందట, ఉప్పుకి తుప్పు పట్టకుండా చూసుకోవాలంతే. మెయిన్ దగ్గర ఒక ఆర్‌సీసీబీ పెట్టించాను. ఎంసీబీ తీగని కాపాడుతుంది, ఇది మనిషిని. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిచూస్తుంది, 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే కళ్లు మూసి తెరిచేలోపు ఆపేస్తుంది. గోడకి కట్టిన ఇనప తీగ దండెం కూడా విప్పించి నైలాను తాడు కట్టించాను. తడిబట్టలు ఆరేస్తూ దండెం పట్టుకుని పోయినవాళ్ల వార్తలు పేపర్లో ఎన్ని చూడలేదు మనం?

అంతా అయ్యాక నూతిగట్టు లైటు ఒకటి మిగిలింది. పనాయన అడిగిన డబ్బు అప్పటికే దాటిపోయింది, "దాని సంగతి దసరాకి చూద్దాంలే" అన్నాను. ఆ తప్పు నాదే.

మృగశిర వెళ్లి మొదటి పెద్దవాన పడ్డ రాత్రి, తొమ్మిదిన్నరకి అమ్మ ఫోను. "నీ పెట్టె ఇల్లంతా చీకటి చేసేసిందే. పైకి నెడితే మళ్లీ పడిపోతోంది. పాతదే నయం." కొవ్వొత్తి పెట్టుకుని పడుకో, ఏదీ ముట్టుకోకు అని చెప్పి, తెల్లారి మొదటి బస్సుకి వెళ్లాను. పనాయన ఒక్కో లైనూ విడదీసి చూసుకుంటూ పోయి నూతిగట్టు దగ్గర ఆగాడు. పెంకు కింద ఉడత గూడు, తీగ మీద గుడ్డ ఊడిపోయి, వాననీరు తీగమీంచి ఇనప గిలకకీ, గిలక మీంచి చేదకీ కారుతోంది.

అమ్మ రోజూ పొద్దున్న అయిదింటికి, దీపం పెట్టకముందే, ఆ చేదే పట్టుకుంటుంది.

ఆ లైను అప్పుడే కోయించేశాను. కోసిన తీగ చుట్ట చుట్టి అన్నయ్యకి ఫోటో పంపిస్తే, సాయంత్రానికి వాడి వాటా డబ్బు వచ్చింది.